స్కౌటు బ్యాడ్జీ వెనుక ఉండవలసిన పరీక్ష

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

ఇటీవల మీ పత్రిక జిల్లా పేజీలో, ఒక ఉన్నత పాఠశాల విద్యార్థులు స్కౌటు ఉద్యమంలో రాష్ట్ర స్థాయి గుర్తింపైన రాజ్య పురస్కార్ బ్యాడ్జీలు అందుకుంటున్న ఛాయాచిత్రాన్ని ప్రచురించారు. ఆ పిల్లల ముఖాల్లోని వెలుగు చూసి నాకు చాలా సంతోషం కలిగింది. అయితే ఎంతమందికి బ్యాడ్జీలు వచ్చాయో, వేదిక మీద ఎవరెవరు కూర్చున్నారో ఆ వార్తలో ఉంది గానీ, ఆ బ్యాడ్జీ కోసం పిల్లలు ఏమి నేర్చుకున్నారో, ఏ పరీక్షకు నిలబడ్డారో ఒక్క వాక్యమైనా లేదు. ఇందులో విలేకరి తప్పేమీ లేదు. ఆ సంగతి చెప్పడం మా స్కౌటు పెద్దలమే మానేశాం. 1960లలో ఒక పల్లెటూరి బడిలో స్కౌటుగా చేరి, ఆ తరువాత ఉపాధ్యాయుడినై ముప్ఫై ఏళ్లకు పైగా స్కౌట్ మాస్టరుగా పనిచేసినవాణ్ణి కనుక, ఈ బ్యాడ్జీలు ఎలా పుట్టాయో, ఎలా మారుతూ వచ్చాయో, ఆ మార్పుల్లో మనం పోగొట్టుకుంటున్నదేమిటో మీ పాఠకుల ముందు ఉంచాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

స్కౌటు చిహ్నం చరిత్ర మన దేశంతోనే ముడిపడి ఉంది. 1897లో ఐదవ డ్రాగూన్ గార్డ్స్ దళానికి అధిపతిగా మన దేశానికి వచ్చిన, తరువాత స్కౌటు ఉద్యమాన్ని స్థాపించిన ఆంగ్ల సైనికాధికారి బేడెన్ పావెల్, వేగు పనిలో శిక్షణ పొంది అర్హత సాధించిన సైనికులకు దిక్సూచి మీద ఉత్తర దిక్కును చూపే ముల్లు ఆకారంలో ఉన్న గుర్తును ఇచ్చేవారు. ఆయన 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో సుమారు ఇరవైమంది బాలురతో తొలి శిబిరం నడిపినప్పుడు అదే ఆకారంలోని ఇత్తడి బిళ్ళను వారికి పెట్టారు. తాడుతో ముడులు వేయడం, జాడ పట్టడం, జెండా గురించి తెలుసుకోవడం వంటి పరీక్షల్లో నెగ్గినవారికి, ‘సిద్ధంగా ఉండు’ అన్న మాట చెక్కిన చిన్న పట్టీని దాని కింద చేర్చారు. తరువాతి కాలంలో సెకండ్ క్లాస్ అనే రెండో మెట్టు చేరిన స్కౌటు చేతిమీద ఆ పట్టీ ఒక్కటే ఉండేది. ఆ పై మెట్టయిన ఫస్ట్ క్లాస్ సాధించాకే పై భాగంలోని ఉత్తరపు ముల్లు వచ్చి దానితో కలిసేది. చొక్కా చేతిని చూస్తే చాలు, ఆ బాలుడు ఎంతవరకు వచ్చాడో, ఇంకా ఎంత మిగిలి ఉందో తెలిసిపోయేది. పట్టీ రెండు కొసలూ నవ్వే పెదవుల్లా పైకి వంగి ఉండేవి, దాని కింద ఒక చిన్న ముడి వేలాడేది. రోజుకొక మంచి పని చేయాలన్న మాటను గుర్తు చేయడానికే ఆ ముడి.

1908లో టెండర్‌ఫుట్, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ అని మూడు మెట్లు ఏర్పడ్డాయి. ఆనాటి పరీక్షలను ఈనాటి తల్లిదండ్రులు ఒకసారి వినాలి. సెకండ్ క్లాస్ కావాలంటే రెండు అగ్గిపుల్లలకు మించకుండా ఆరుబయట నిప్పు రాజేయాలి, ఆ నిప్పు మీద పావు పౌను మాంసం, రెండు బంగాళాదుంపలు వండాలి, నడకా పరుగూ కలిపి ఒక మైలు దూరాన్ని పన్నెండు నిమిషాల్లో దాటాలి. ఒక నిమిషంపాటు చూపిన 24 వస్తువుల్లో కనీసం 16 గుర్తు పెట్టుకుని చెప్పాలి, దానినే మనం ఇప్పటికీ కిమ్స్ గేమ్ అని ఆడిస్తున్నాం. పొదుపు ఖాతాలో ఆరు పెన్నీలైనా ఉండాలి. ఫస్ట్ క్లాస్‌కు యాభై గజాలు ఈదాలి, ఏడు మైళ్ల దూరంలోని ఒక చోటికి కాలినడకన వెళ్లి తిరిగివచ్చి చూసినదంతా నివేదికగా రాయాలి, పటం చదవాలి, గీయాలి, దూరాలనూ ఎత్తులనూ కంటితో అంచనా కట్టాలి. వీటన్నిటికీ పైన, తాను స్వయంగా తర్ఫీదు ఇచ్చిన ఒక కొత్త కుర్రవాణ్ణి వెంట తీసుకురావాలి. ఈ చివరి నియమం నా మనసుకు అన్నిటికంటే దగ్గరిది. తనకు వచ్చినది మరొకరికి నేర్పగలిగినప్పుడే విద్య పట్టుబడినట్టు అని మన పెద్దలు నమ్మినదీ అదే కదా.

ఈ పరీక్షలన్నీ చేసి చూపించవలసినవే తప్ప అప్పజెప్పవలసినవి కావు. నిప్పు అంటుకుంటుంది, లేదా అంటుకోదు. బాలుడు ఈదుతాడు, లేదా ఈదలేడు. పరీక్షకుడి సంతకానికి ముందే అక్కడున్న తోటి పిల్లలందరికీ ఫలితం తెలిసిపోతుంది. అంతమాత్రాన ఇది కఠినమైన పద్ధతి అనుకోనక్కరలేదు. నైపుణ్యపు బ్యాడ్జీల విషయంలో బాలుడి పని ఎంత నాణ్యంగా ఉందన్నదానికంటే అతడు ఎంత శ్రమపడ్డాడన్నదే కొలమానంగా ఉండాలని బేడెన్ పావెల్ చెప్పేవారు. కాబట్టి చేతకాని పిల్లవాడికి కూడా ఇందులో చోటుంది. శ్రమ లేకుండా బ్యాడ్జీ ఇవ్వడానికి మాత్రం చోటు లేదు.

మన దేశంలో 1909లో బెంగళూరులో కెప్టెన్ బేకర్ తొలి ట్రూపును, అంటే స్కౌటు దళాన్ని, ప్రారంభించారు. ఆనాడు ఆ బ్యాడ్జీలు తెల్లదొరల పిల్లలకూ ఆంగ్లో ఇండియన్ పిల్లలకూ మాత్రమే అందేవి, భారతీయ బాలురకు ప్రవేశం లేదు. ఆ అవమానాన్ని సహించలేకనే 1916లో అనీబిసెంట్ మద్రాసులో భారతీయ బాలుర కోసం ప్రత్యేకంగా స్కౌటు సంఘాన్ని స్థాపించారు. మన తెలుగు జిల్లాలు చాలావరకు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే. అలహాబాదులో మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పేయి సేవాసమితి స్కౌట్ సంఘాన్ని నడిపారు. చివరకు 1950 నవంబరు 7న ఈ పాయలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది, 1951 ఆగస్టు 15న బాలికల గైడ్ సంఘం కూడా వచ్చి చేరింది. చిహ్నంలో ఉత్తరపు ముల్లు స్కౌట్లకు గుర్తుగా, మూడు రేకుల ఆకు గైడ్లకు గుర్తుగా ఒకదానిలో ఒకటి ఒదిగాయి, మధ్యలో అశోకచక్రం వచ్చింది. ప్రతిజ్ఞలో రాజు స్థానంలో దేశం నిలిచింది. ఇంగ్లండులో 1909లో మొదలైన కింగ్స్ స్కౌట్ బ్యాడ్జీకి దీటుగా మన బిడ్డల రొమ్ముమీదికి రాష్ట్రపతి పేరిట పురస్కారం వచ్చింది. కొత్త సంస్థ తొలి జాతీయ జంబోరీ, అంటే స్కౌట్ల మహా సమ్మేళనం, 1953లో మన హైదరాబాదులోనే జరిగిందన్న మాట ఈ తరానికి చెప్పుకోదగినది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా చాలా ఏళ్లు మేము టెండర్‌ఫుట్, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ అనే పిలుచుకున్నాం. నేను పరీక్షలిచ్చినది ఆ పేర్లతోనే. తరువాత అవి ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్ అయ్యాయి, వాటి పైన రాజ్య పురస్కార్, రాష్ట్రపతి పురస్కార్ నిలిచాయి. చిన్న పిల్లల్లో కబ్‌లనే బాలురకు చరణ్‌లు వచ్చాయి, బుల్‌బుల్‌లనే బాలికలకు కోమల్, రజత్, స్వర్ణ, హీరక్ పంఖ్‌లు వచ్చాయి. ఈ పేర్ల మార్పును నేను మనసారా స్వాగతించాను. ‘క్లాస్’ అన్న మాటలో రైలు పెట్టెల తేడా వినిపిస్తుంది, ‘సోపానం’ అన్న మాటలో ఎక్కే కాలు కనిపిస్తుంది. తెలుగు పిల్లవాడికి ఆ మాట అర్థం చెప్పనక్కరలేదు, గుడి మెట్లు ఎక్కినవాడెవడికైనా అది తెలుసు. ఈ ఉద్యమం పుట్టిన ఇంగ్లండులో సైతం 1966లో వెలువడిన ఒక సంస్కరణ నివేదిక ఆధారంగా ఆ పాత తరగతుల పేర్లను తొలగించారు. అక్కడి అత్యున్నత బ్యాడ్జీ పేరు కూడా సింహాసనాన్ని బట్టి 1952లో క్వీన్స్ స్కౌట్ అయింది, 2022లో తిరిగి కింగ్స్ స్కౌట్ అయింది. పేర్లు కాలాన్ని బట్టి మారతాయి, మారాలి కూడా.

పరీక్షాంశాలు మారినందుకు కూడా నాకు అభ్యంతరం లేదు. మా రోజుల్లో రెండు చేతుల్లో జెండాలు పట్టుకుని దూరంలోని వారికి సందేశం పంపే సెమాఫోర్ అక్షరాలు నేర్చుకోవడానికి నెలలు పట్టేది. చేతిలో ఫోను ఉన్న పిల్లవాడికి ఆ విద్య రాకపోయినా లోటు లేదు. ఒకనాటి పొదుపు ఖాతాలోని ఆరు పెన్నీల ఆలోచనే మన దగ్గర, పిల్లలు తమ చేతి కష్టంతో నాలుగు డబ్బులు సంపాదించే ఖరీ కమాయిగా మరో రూపంలో కనిపించింది. కుష్ఠు నివారణ, పారిశుద్ధ్యం, భూసార పరిరక్షణ వంటి అంశాల మీద మన సంస్థ నైపుణ్యపు బ్యాడ్జీలు ప్రవేశపెట్టడం ఈ దేశపు అవసరాలను తెలిసినవారు చేసిన పని. ఒకప్పుడు మా పిల్లలు కుష్ఠురోగి ఇంటి గడప తొక్కడానికి భయపడేవారు. ఆ బ్యాడ్జీ కోసం సిద్ధమవుతూ వాళ్లే ఊళ్లో ఇంటింటికీ తిరిగి ఈ జబ్బుకు మందు ఉంది, నయమవుతుంది అని చెప్పి వచ్చారు. బ్యాడ్జీ అంటే అలా ఉండాలి.

నా సొంత పరీక్ష గురించి ఇక్కడ చెప్పక తప్పదు. నిప్పు పరీక్ష రోజున తెల్లవారుజామున జల్లు పడింది. పుల్లలన్నీ తడిసిపోయాయి, నేను తెచ్చుకున్న రెండు అగ్గిపుల్లలూ ఆరిపోయాయి. మా మాస్టారు కోప్పడలేదు, మూడో పుల్ల కూడా ఇవ్వలేదు. ‘వచ్చే నెల చూద్దాం’ అని మాత్రం అన్నారు. ఆ నెలంతా తాటాకు లోపలి పొర ఎలా ఎండుతుందో, కొబ్బరి పీచు ఎంత తేలిగ్గా అంటుకుంటుందో, తడిసిన కొమ్మను చీల్చితే లోపలి చేవ ఎంత పొడిగా ఉంటుందో నేను మా దొడ్లో చూసుకుంటూ తిరిగాను. రెండోసారి ఒకే పుల్లతో మంట లేచింది. ఆ తరువాతి ఏడాది ఫస్ట్ క్లాస్ కోసం నేనూ మరో అబ్బాయీ కాలువ గట్టు వెంట వెళ్లడం ఏడు, రావడం ఏడు మైళ్లు నడిచి వచ్చి నివేదిక రాసి ఇస్తే, పరీక్షకుడు దానిని పక్కన పెట్టి ‘దారిలో ఎన్ని తూములు తగిలాయి, ఏ తూము దగ్గర నీళ్లు ఎర్రగా ఉన్నాయి’ అని అడిగారు. చూసి రాశామా, ఊహించి రాశామా అని తెలుసుకోవడానికి అంతకంటే చక్కని ప్రశ్న లేదు. నేను మాస్టరునయ్యాక ఆ ప్రశ్ననే ఎందరో పిల్లలను అడిగాను.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. ఉద్యోగ విరమణ తరువాత ఒక పరీక్షా శిబిరానికి నన్ను అతిథిగా పిలిచారు. ఏ ఊరో, ఎవరు నిర్వహించారో చెప్పను, చెప్పడం నా ఉద్దేశం కాదు. పిల్లలు వందల సంఖ్యలో వచ్చారు, పరీక్షించే మాస్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది ఉన్నారు. పగలు సభ, ఊరేగింపు, సాంస్కృతిక కార్యక్రమం జరిగాయి. రాత్రి భోజనాలయ్యాక ఒక గదిలో పిల్లలు నెగ్గిన పరీక్షలను నమోదు చేసే లాగ్ బుక్కులన్నీ గుట్టగా పోసి, పుట వెంట పుట తిప్పుతూ సంతకాలు చేశారు. మర్నాడు ఉదయం నేను ఒక అమ్మాయిని పక్కకు పిలిచి బౌలైన్ ముడి వేయమన్నాను. ఆ బిడ్డ తాడు చేతిలోకి తీసుకుని కళ్ల నీళ్లు పెట్టుకుని, ‘మా బడిలో తాడు లేదండీ, పుస్తకంలో బొమ్మ చూశాను’ అంది. ఆమె లాగ్ బుక్‌లో ఆ ముడికి ఎదురుగా తేదీతో సహా సంతకం ఉంది. ఆ పిల్లను నేను ఈనాటికీ మరచిపోలేదు. మోసపోయినది ఆమెను పరీక్షించామన్నవాళ్లు కాదు, ఆమే.

ఇలా జరగడానికి కారణాలు తెలియనివి కావు. సోపానానికీ సోపానానికీ మధ్య ఇన్ని నెలలు గడవాలన్న నియమం పుస్తకంలో ఉంది, కానీ పదో తరగతి చదువుల ఒత్తిడిలో రెండు మూడు ఏళ్ల పనిని కొద్ది వారాల్లో కాగితం మీద పూర్తి చేయవలసి వస్తోంది. చాలా బడుల్లో స్కౌటు పీరియడు సమయ పట్టికలో లేదు, ఉన్నచోట లెక్కల మాస్టరు దానిని అడిగి తీసుకుంటారు. దానికి తోడు బ్యాడ్జీకి బయట విలువ పెరిగింది. రైల్వేలు స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా కింద ఉద్యోగాలకు రాష్ట్రపతి పురస్కారం ఉన్నవారిని, లేదా స్కౌటు నాయకులైన పెద్దల శిక్షణకు ఇచ్చే హిమాలయన్ ఉడ్ బ్యాడ్జ్ పొందినవారిని పరిగణిస్తాయి. కేరళలో స్కౌటు పురస్కారాలకు పదో తరగతిలో గ్రేస్ మార్కులిచ్చే ఏర్పాటు ఉంది. పేద ఇంటి బిడ్డకు స్కౌటు బ్యాడ్జీ వల్ల రైల్వే ఉద్యోగం వస్తే అంతకంటే ఆనందం లేదు, నా శిష్యుల్లో అలా స్థిరపడినవారు ఉన్నారు. అయితే ప్రయోజనం పెరిగేకొద్దీ పరీక్ష మరింత గట్టిగా ఉండాలి. మన దగ్గర అది వదులైంది. వైకుంఠపాళిలో నిచ్చెన పడినట్టు కొందరికి మెట్లు ఎక్కకుండానే పై గడి దొరుకుతుంటే, నిజంగా తడి పుల్లలతో కుస్తీపట్టిన పిల్లవాడి బ్యాడ్జీకి కూడా విలువ తగ్గిపోతుంది.

మెట్లలోని సారం పలచబడితే ఏమవుతుందో అమెరికా అనుభవం చూపించింది. అక్కడ 1911లో టెండర్‌ఫుట్, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్, ఆ పైన లైఫ్, స్టార్, అన్నిటికంటే పైన ఈగిల్ అన్న మెట్లు ఏర్పడ్డాయి, 1912లో ఆర్థర్ ఎల్డ్రెడ్ తొలి ఈగిల్ స్కౌట్ అయ్యాడు. 1965 నుంచి ఈగిల్ హోదాకు స్వయంగా ఒక సేవా కార్యక్రమాన్ని నడిపించి చూపించాలన్న నియమం చేరింది. 1972లో నగరాల పిల్లలను ఆకర్షించాలన్న మంచి ఉద్దేశంతోనే కార్యక్రమం మొత్తాన్ని మార్చి, శిబిరవాసం, వంట బ్యాడ్జీలను ఈగిల్‌కు తప్పనిసరి అయిన జాబితా నుంచి తీసేశారు. సభ్యత్వం పెరగకపోగా ఆ దశాబ్దంలో బాగా పడిపోయింది. చివరకు ఒకప్పుడు స్కౌటు చేతిపుస్తకాలు రాసి పదవీ విరమణ చేసిన విలియం హిల్‌కోర్ట్ తిరిగి వచ్చి 1979లో కొత్త చేతిపుస్తకం రాసి, ఆరుబయటి విద్యలను మళ్లీ కార్యక్రమం నడిమధ్యకు తెచ్చారు. వంట బ్యాడ్జీ మాత్రం తప్పనిసరి జాబితాలోకి రావడానికి 2014 దాకా పట్టింది. ఒక మాటలో కొట్టేసిన దానిని తిరిగి రాయడానికి నలభై ఏళ్లు పట్టిందన్నమాట. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో నేడు ఈగిల్ స్కౌట్లవుతున్నారు, వారి తల్లిదండ్రులు ఆ విషయాన్ని గర్వంగా చెప్పుకుంటున్నారు. వారు గర్వించేది ఆ బ్యాడ్జీని సాధించడానికి ఆ బిడ్డ వెచ్చించిన ఏళ్లను చూసి. 2019 నుంచి అక్కడ బాలికలకూ ఈ మెట్లు తెరిచారు, 2021లో తొలి ఈగిల్ బాలికలు వచ్చారు. బాలికలనూ బాలురనూ ఒకే సంస్థలోకి, ఒకే సోపానాల మీదికి తెచ్చిన విషయంలో మనం వారికంటే ఎన్నో ఏళ్లు ముందున్నాం. పరీక్ష నడిపే విషయంలో వెనుకబడకూడదు.

అందువల్ల రెండు రాష్ట్రాల విద్యాశాఖలకూ స్కౌటు సంఘాలకూ మీ పత్రిక ద్వారా నా విన్నపాలు కొన్ని. ప్రథమ, ద్వితీయ సోపాన్ పరీక్షలను పెద్ద శిబిరాలకు వదిలేయకుండా బడిలోనే, ట్రూపు ముందు, వారానికి ఒకటి రెండు అంశాల చొప్పున జరిపించాలి. ముడి వేయడం నేర్పించి చూసుకునే పనిని తృతీయ సోపాన్ దాటిన పెట్రోల్ లీడర్లకు, అంటే ట్రూపులోని చిన్న జట్ల నాయకులకు, అప్పగిస్తే, 1908 నాటి ఆ చివరి నియమం మళ్లీ బతుకుతుంది. లాగ్ బుక్‌లో సంతకం పక్కన ఆ అంశాన్ని ఎక్కడ, ఎవరి ఎదుట చేసి చూపించారో పిల్లవాడే తెలుగులో రెండు వాక్యాలు రాయాలి. రాజ్య పురస్కార్ శిబిరంలో ఒక పరీక్షకుడికి ఇంతమంది పిల్లలకు మించకూడదన్న పరిమితి పెట్టి, ఆ పరిమితి కుదరనప్పుడు శిబిరాన్ని వాయిదా వేయాలి. ఈసారి తప్పిన పిల్లలకు మళ్లీ అవకాశం ఎప్పుడో అక్కడే తేదీ చెప్పి పంపాలి, ఎందుకంటే ఒకసారి తప్పడం అవమానమని ఏ బిడ్డా అనుకోకూడదు. బడికి ఇరవై గజాల తాడు, నాలుగు వెదురు బొంగులు, ఒక దిక్సూచి, ఒక ప్రథమ చికిత్స పెట్టె కొనడానికి పెద్ద నిధులేవీ అక్కరలేదు. చాలా ఊళ్లలో పూర్వ విద్యార్థులు అడిగితే కాదనరు.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఇకమీదట బ్యాడ్జీల ప్రదానం వార్త ప్రచురించేటప్పుడు, వేదిక మీది పెద్దల పేర్లలో రెండు తగ్గించి, ఆ స్థలంలో ఆ పిల్లల్లో ఒకరిని ‘ఏ పరీక్ష నీకు కష్టమైంది, దానిని ఎలా గట్టెక్కావు’ అని మీ విలేకరి చేత అడిగించి ఆ జవాబు వేయండి. నేర్చుకున్న పిల్లవాడు ఆ ప్రశ్నకు ఎంతసేపైనా చెబుతాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పూర్వ స్కౌట్ మాస్టరు,
గుంటూరు జిల్లా.